మీ తాతగారి ఊరికి బస్సుందా?

(పెద్ద తరగతి పిల్లల కోసం. తల్లిదండ్రులు పక్కన కూర్చుని చదివించగలరని మనవి.)



ఈ సంవత్సరం పెద్ద తరగతి వాళ్ళకి "మా ఊరు" అని పది వాక్యాలు రాయమని ఇచ్చాము. చాలా చక్కగా రాశారు. చెరువు, గుడి, గేదెలు, మామిడి తోట, అమ్మమ్మ చేసిన అరిసెలు అన్నీ ఉన్నాయి. ఒక అమ్మాయి అయితే ఊళ్ళో కోతుల గురించే ఆరు వాక్యాలు రాసింది! కానీ అందరి కాగితాలూ తిరగేసినా రెండు సంగతులు ఎక్కడా కనపడలేదు. ఆ ఊళ్ళో ఎంతమంది ఉంటారు? ఆ ఊరికి ఎలా వెళ్ళాలి? రెండోది తరగతిలో అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "కార్లో, అంకుల్!"

అందులో పిల్లల తప్పేమీ లేదు. మనం శంషాబాదులో దిగుతాం, ముందే మాట్లాడి పెట్టుకున్న ఇన్నోవా ఎక్కుతాం, పిల్లలు నిద్ర లేచేసరికి తాతగారి గుమ్మం ముందు ఉంటాం. మూడు వారాల తర్వాత అదే కారులో వెనక్కి. ఆ ఊరివాళ్ళు మందుల షాపుకి ఎలా వెళ్తారో, పదో తరగతి పిల్లలు బడికి ఎలా వెళ్తారో మన పిల్లలకు కనపడే అవకాశమే లేదు. అందుకని ఈసారి సంచికకు ఈ పాఠం. ఒక పెన్సిలు, ఒక క్యాలిక్యులేటరు, చివర్లో ఇండియాకి ఒక ఫోను కాల్ – ఇవి చాలు.

ముందుగా, ఊరు అంటే ఏమిటి?

ఇది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. ప్రభుత్వం లెక్కల్లో ఊరికి కనీసం మూడు అర్థాలు ఉన్నాయి. మొదటిది రెవెన్యూ గ్రామం. అంటే భూమి రికార్డుల్లో హద్దులు గీసి, పేరు పెట్టి, పొలాలకు సర్వే నంబర్లు ఇచ్చిన ప్రాంతం. 1984 దాకా ఆ పుస్తకాలు కరణంగారి దగ్గర ఉండేవి. రెండోది గ్రామ పంచాయతీ, అంటే సర్పంచిని ఎన్నుకునే ప్రాంతం. ఒక పంచాయతీలో ఒక రెవెన్యూ గ్రామం ఉండవచ్చు, రెండు మూడు కూడా ఉండవచ్చు. మూడోది మనుషులు నిజంగా ఇళ్ళు కట్టుకుని ఉండే చోటు. దాన్నే పల్లె, పాలెం, పేట, గూడెం, తండా, మజరా, శివారు అని ఒక్కో చోట ఒక్కో రకంగా పిలుస్తారు. ఒకే రెవెన్యూ గ్రామంలో ఇలాంటివి నాలుగైదు ఉండడం మామూలే. మీ తాతగారు "మా ఊరు" అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది అంటున్నారో అడగండి. ఎందుకు అడగమంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఊరి పైన మండలం. 1985లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం పాత తాలూకాలు తీసేసి చిన్న చిన్న మండలాలు చేసింది. ప్రభుత్వ కార్యాలయాలు పల్లెటూరివాళ్ళకు దగ్గరగా ఉండాలన్నది అందులో ఉద్దేశం. అంటే అది కూడా ఒక రకంగా రవాణా గురించి తీసుకున్న నిర్ణయమే! బస్సుని ఊరి దగ్గరకు తేవడం కష్టమైతే ఆఫీసునే కాస్త దగ్గరకు జరిపారన్నమాట.

తలలు లెక్కపెట్టడం

అమెరికాలో 1790 నుంచి పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. చివర సున్నా వచ్చే సంవత్సరాల్లో తీస్తారు. 2020లో మీ ఇంటికి కూడా కాగితం వచ్చే ఉంటుంది. ఇండియాలో మొదటిసారి 1872లో తీశారు, కానీ అన్ని చోట్లా ఒకేసారి కాదు. దేశమంతా ఒకేసారి తీయడం 1881లో మొదలైంది. అప్పటినుంచి చివర ఒకటి వచ్చే ప్రతి సంవత్సరం తీశారు, యుద్ధం నడుస్తున్న 1941తో సహా. 2011లో జరిగింది పదిహేనవది. 2021లో జరగవలసింది కరోనా వల్ల ఆగిపోయింది. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్క కడతామని 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అందుకని ఈ పాఠంలో దేశం లెక్కలు చాలావరకు 2011వే.

ఈ లెక్కలు ఎవరు తీస్తారనుకున్నారు? ఎక్కువగా బడి పంతుళ్ళే! 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇల్లిల్లూ తిరిగారు. ఇల్లు లేని వాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి వాళ్ళు పడుకున్న చోటనే లెక్కపెట్టారు. ఆ తర్వాత మార్చి మొదటి అయిదు రోజులు మళ్ళీ ఒకసారి తిరిగి, మధ్యలో పుట్టినవాళ్ళని కలిపి, పోయినవాళ్ళని తీసేశారు. మార్చి 1 అర్ధరాత్రికి ఊళ్ళో ఎంతమందో అదే ఆ ఊరి జనాభా.

ఒక ముఖ్యమైన నియమం ఉంది. ఆ రోజులన్నిటిలో ఊళ్ళో లేనివాళ్ళని ఆ ఊరి లెక్కలో రాయరు. హైదరాబాదులో ఉద్యోగం చేసే అబ్బాయిని హైదరాబాదులో రాస్తారు. అమెరికాలో ఉన్న అబ్బాయిని అక్కడ ఎక్కడా రాయరు. ఇల్లు మన పేరు మీద ఉన్నా, గుమ్మం మీద మన పేరు చెక్కించి ఉన్నా, అమ్మ "మా పెద్దవాడు కూడా ఉన్నాడు బాబూ, రాసుకో" అన్నా సరే, పంతులుగారు రాయకూడదు. ఈ నియమాన్ని గుర్తు పెట్టుకోండి.

2011 లెక్కల ప్రకారం దేశంలో ఆరు లక్షల నలభై వేలకు పైగా గ్రామాలు ఉన్నాయి. వాటిలో జనం ఉన్నవి సుమారు 5 లక్షల 97 వేలు. పల్లెల్లో ఉన్న మొత్తం జనం దాదాపు 83 కోట్లు. భాగించి చూడండి, ఒక్కో ఊరికి సగటున 1,400 మంది వస్తారు. మీ హైస్కూల్లో పిల్లలు ఎంతమంది? చాలామంది హైస్కూళ్ళు ఇండియాలో సగటు పల్లెటూరు కన్నా పెద్దవి!

ఒక ఊరి కాగితం చదువుదాం

ప్రతి జిల్లాకూ జనాభా లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో ఊరికి ఒక్కో వరస. నిజం ఊరి పేరు రాస్తే ఆ ఊరివాళ్ళు మన సభ్యుల్లోనే ఎవరో ఒకరు ఉంటారు, కాబట్టి లెక్క కోసం నేనే ఒక ఊరు కల్పిస్తున్నాను. పేరు మామిడిపాలెం. మ్యాపులో వెతకకండి!

మామిడిపాలెంలో 136 ఇళ్ళు, 482 మంది జనం, 610 హెక్టార్ల విస్తీర్ణం. మగవాళ్ళు 238, ఆడవాళ్ళు 244. ఆరేళ్ళ లోపు పిల్లలు 46 మంది. చదవను రాయను వచ్చినవాళ్ళు 283 మంది.

ఇప్పుడు పెన్సిలు తీయండి. వంద హెక్టార్లు ఒక చదరపు కిలోమీటరు, కాబట్టి మన ఊరు 6.1 చదరపు కిలోమీటర్లు. రెండున్నర చదరపు మైళ్ళకు కొంచెం తక్కువ. చదరపు కిలోమీటరుకి 79 మంది. 2011లో దేశం మొత్తం మీద ఈ అంకె 382, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 308. అంటే మామిడిపాలెంలో పొలం ఎక్కువ, మనుషులు తక్కువ. ప్రతి వెయ్యిమంది మగవాళ్ళకి ఆడవాళ్ళు ఎంతమందో చూడాలంటే 244ని 238తో భాగించి వెయ్యితో హెచ్చించండి: 1,025. దేశంలో 943, ఉమ్మడి రాష్ట్రంలో 993. "అబ్బ, మన ఊరు ఎంత మంచిదో!" అని సంబరపడే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆడపిల్లల్ని బాగా చూసుకునే ఊరు కావడం ఒక కారణం కావచ్చు. వయసులో ఉన్న మగవాళ్ళు పనికోసం వలస వెళ్ళిపోవడం ఇంకో కారణం కావచ్చు. ఆ ఒక్క అంకెను చూసి రెండింటిలో ఏదో చెప్పలేము. మీ ఊళ్ళో ఏది నిజమో తాతగారు చెప్పగలరు.

అక్షరాస్యత దగ్గర పెద్దవాళ్ళు కూడా పొరపాటు పడతారు. 283ని 482తో భాగిస్తే 58.7 శాతం వస్తుంది, కానీ అది సరైన లెక్క కాదు. ఆరేళ్ళ లోపు పిల్లల్ని తీసేసి 436తో భాగించాలి. అప్పుడు 64.9 శాతం. ఇంటికి ఎంతమందో కూడా చూడండి: మూడున్నర. ఇలాంటి అంకె కనపడితే నాకు అక్కడ కొన్ని ఇళ్ళల్లో ఒక ముసలాయన, ఒక ముసలావిడ మాత్రమే కనిపిస్తారు. ఇది లెక్క కాదు, నా ఊహ మాత్రమే.

ఇక అదే పుస్తకంలో ఇంకొంచెం పక్కకి వెళితే రవాణా వస్తుంది. ప్రభుత్వ బస్సు వస్తుందా, ప్రైవేటు బస్సు వస్తుందా, రైల్వే స్టేషను ఉందా, ఆటోలు ఉన్నాయా, ట్రాక్టర్లు ఉన్నాయా, ఎడ్లబండ్లు ఉన్నాయా, తారురోడ్డా, కంకరరోడ్డా, మట్టిరోడ్డా, కాలిబాటేనా. ఉంటే ఉంది అని రాస్తారు. లేకపోతే ఎంత దూరంలో ఉందో మూడు అక్షరాల్లో ఒకటి వేస్తారు: అయిదు కిలోమీటర్ల లోపు, అయిదు నుంచి పది, పది దాటి.

నేను రోజూ కంప్యూటరు ముందు కూర్చునే వాడిని కాబట్టి ఇది చూడగానే నాకు నవ్వు వస్తుంది. బస్సు అనేది ఒకటో సున్నానో కాదు కదా! రోజుకి పన్నెండు ట్రిప్పులు తిరిగే ఊరికీ "ఉంది", పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే ఊరికీ "ఉంది". పొద్దున వెళ్ళిన మనిషి డాక్టరుని చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరగలడా లేక సాయంత్రం దాకా బస్టాండులో కూర్చోవాలా అనేది ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. డెబ్బై ఏళ్ళ మనిషికి కావలసింది దూరం కాదు, టైము.

అయిదు వందల గీత

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మామిడిపాలెం జనాభా 482 అన్నాను కదా, కావాలనే ఆ అంకె వేశాను.

2000 డిసెంబరు 25న కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన అనే పథకం మొదలుపెట్టింది. రోడ్డు లేని ఊళ్ళకి ఏడాది పొడుగునా వాడుకోగలిగే రోడ్డు వేయడం దాని పని. అన్ని ఊళ్ళకీ ఒకేసారి వేయలేరు కాబట్టి వరస పెట్టారు. ముందు వెయ్యిమంది దాటినవి, తర్వాత అయిదు వందలు దాటినవి. కొండ ప్రాంతాలు, గిరిజన ప్రాంతాలు, ఎడారి ప్రాంతాల్లో అయితే రెండు వందల యాభై. అప్పుడు లెక్కకు తీసుకున్నది 2001 జనాభా.

అంటే మైదానంలో 501 మంది ఉన్న పల్లె పట్టికలోకి ఎక్కుతుంది, 482 మంది ఉన్న పల్లె ఎక్కదు. పద్దెనిమిది మంది తక్కువైనందుకు! తరగతిలో ఈ సంగతి చెప్పి "499 మంది ఉంటే సర్పంచి ఏం చేయాలి?" అని అడిగాను. ఒక చిన్నవాడు "పక్కూరి నించి ఒకణ్ణి తెచ్చుకోవాలి అంకుల్" అన్నాడు. నవ్వాము గానీ, నిజానికి నియమాల్లో దానికి దగ్గరగా ఒక దారి ఉంది.

ఇక్కడే మొదట చెప్పుకున్న "ఊరు అంటే ఏమిటి" పనికొస్తుంది. ఈ పథకం రెవెన్యూ గ్రామాన్ని చూడదు, ఇళ్ళున్న చోటునే చూస్తుంది. అర కిలోమీటరు లోపల ఉన్న పల్లెలన్నిటినీ కలిపి ఒకటిగా లెక్కపెట్టవచ్చు. మామిడిపాలెం నుంచి 300 మీటర్ల దూరంలో 41 మంది ఉన్న ఎగువపేట ఉందనుకోండి. 482కి 41 కలిపితే 523. పట్టికలోకి వచ్చేసింది! అదే ఎగువపేట కిలోమీటరు దూరంలో ఉంటే రెండూ మిగిలిపోతాయి. మ్యాపు మీద దారి గీసే ఇంజనీరు చేతిలో ఎంత ఉందో చూడండి.

ఇలాంటి గీతలు ఇంకా ఉన్నాయి. తెలంగాణలో 2018లో కొత్త పంచాయతీ చట్టం వచ్చినప్పుడు అయిదు వందల జనాభా ఉన్న తండాలు, గూడేలు విడిగా పంచాయతీలు అయ్యాయి. అంతదాకా పక్క ఊరి సర్పంచి చుట్టూ తిరిగిన లంబాడీ తండాలకి సొంత సర్పంచి వచ్చాడు. 2023 నవంబరులో మొదలైన పి.ఎం. జన్‌మన్ పథకంలో చెంచులు, కొండరెడ్లు, కొలాములు, తోటీల వంటి వారి పల్లెలకు రోడ్డు గీతని వందకు దించారు. 2024 సెప్టెంబరులో సడక్ యోజన నాలుగో విడత ఆమోదం పొందింది. ఇంకా రోడ్డు లేని పాతిక వేల పల్లెలు దాని లక్ష్యం. జనాభా మాత్రం 2011దే, ఎందుకంటే అంతకన్నా కొత్త లెక్క లేదు. ఆ మధ్యలో పెరిగిన పల్లె నష్టపోతుంది. తరిగిపోయిన పల్లె మాత్రం పాత అంకె చలవ వల్ల బతికిపోతుంది.

గీత గీయడమే అన్యాయం అని కొందరంటారు. నేను అలా అనుకోను. డబ్బు కొంతే ఉన్నప్పుడు ఏదో ఒక వరస ఉండాలి. కంటికి కనపడే అంకె, ఎమ్మెల్యేగారి ఇష్టం కన్నా మేలు. కానీ అరవై మంది ఉన్న కొండ గూడెంలో కూడా ఎవరో ఒకరికి అర్ధరాత్రి నొప్పులు వస్తాయి కదా. వందమంది దాటేదాకా ఆగమని ఆమెకు ఎవరు చెబుతారు?

కొండ మీద, నీళ్ళ మీద

విశాఖ మన్యంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, డోలీ అనే మాట మీరు వార్తల్లో వినే ఉంటారు. పెళ్ళి పల్లకీ కాదు. ఒక గట్టి కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో గర్భిణిని గానీ జబ్బు మనిషిని గానీ పడుకోబెట్టి, ఇద్దరు ముందు వెనక భుజాన మోస్తూ అంబులెన్సు రాగలిగే రోడ్డు దాకా కొండ దిగుతారు. 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి, ఎంతోమంది ప్రాణాలు కాపాడాయి. కానీ అంబులెన్సుకి కూడా రోడ్డు కావాలి. ఈ గూడేలకు రోడ్లు వేయడానికి 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "అడవితల్లి బాట" అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది.

గోదావరి వాళ్ళకి సమస్య వేరు. ఊరు కనిపిస్తూనే ఉంటుంది, మధ్యలో నది! కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగిన పెద్దవాళ్ళు మనలో కొందరు ఉన్నారు. పంటు అంటే పడవల మీద బల్లలు పరిచి మనుషుల్ని, సైకిళ్ళని, కార్లని కూడా దాటించేది. యానాం నుంచి ఎదుర్లంకకు గౌతమి మీద వంతెన 2002లో వచ్చింది. దానికి జి.ఎం.సి. బాలయోగిగారి పేరు పెట్టారు. అంతకుముందు కాకినాడ వెళ్ళాలంటే ఆ వైపు కోనసీమ వాళ్ళకి పంటు, లేదా రావులపాలెం మీదుగా పెద్ద చుట్టు. కాగితం మీద దూరం మారలేదు, కాకినాడే దగ్గరకు జరిగింది!

ఎర్రబస్సు

మా ఊరు ప్రకాశం జిల్లాలో మెయిన్ రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు లోపల. నా చిన్నప్పుడు మాకు నైట్ హాల్టు బస్సు ఉండేది. అంటే రాత్రి ఆఖరి ట్రిప్పు వచ్చిన బస్సు ఊళ్ళోనే ఆగిపోతుంది. డ్రైవరుగారు, కండక్టరుగారు బడి వరండాలో పడుకునేవారు. ఎవరో ఒకరి ఇంటినుంచి వాళ్ళకి పప్పు, మజ్జిగ వెళ్ళేవి. పొద్దున్నే ఆరింటికి హారను కొడితే ఊరంతటికీ అదే అలారం. పైన టాపు మీద కూరగాయల గంపలు, లోపల పాలక్యాన్లు, బస్ పాసులు పట్టుకున్న కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళు. ఎంసెట్ కౌన్సెలింగుకి నేను వెళ్ళిన రోజు కండక్టరుగారు ముందు సీటు ఆపి ఉంచారు, ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. సిటీలో వాళ్ళు మమ్మల్ని "ఎర్రబస్సు ఎక్కి వచ్చారా" అని వెక్కిరించేవారు. అవునండీ, అదెక్కే వచ్చాము!

ఆ బస్సు వెనక చరిత్ర చిన్నది కాదు. హైదరాబాదు సంస్థానంలో 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో మొదలుపెట్టింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. పల్లెలకు తిరిగే ఆర్డినరీ బస్సుకి "పల్లెవెలుగు" అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరికి తట్టిందో గానీ చాలా మంచి పేరు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. మా అమ్మ ఇప్పుడు మండలానికి వెళ్ళి మందులు తెచ్చుకునేది అలాగే. అయితే ఉచితమైనా కాకపోయినా బస్సంటూ ఊళ్ళోకి వస్తేనే కదా! రాని ఊళ్ళకి షేర్ ఆటోనే దిక్కు. ముగ్గురు కూర్చునే చోట ఎనిమిది మంది. నిండితే గానీ కదలదు. అందుకే జనం ఎక్కువున్న ఊరికి ఆటో త్వరగా నిండుతుంది, చిన్న ఊరివాళ్ళు ఎండలో ఎదురు చూస్తారు. ఇక్కడ కూడా జనాభా లెక్కే, కాకపోతే ఎవరూ కాగితం మీద రాయరు.

రోడ్డు వస్తే ఊరు ఏమవుతుంది?

ఇది పెద్ద పిల్లలకి. 480 మంది ఉన్న ఊరికీ 520 మంది ఉన్న ఊరికీ నిజానికి పెద్ద తేడా ఉండదు. కానీ గీత వల్ల ఒకదానికి రోడ్డు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. శామ్ ఆషర్, పాల్ నొవోసాద్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ చిన్న సంగతిని పట్టుకుని, ఇండియా పల్లెల మీద పెద్ద పరిశోధన చేసి 2020లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ప్రచురించారు. సైన్సు ప్రాజెక్టులో మీరు రెండు కుండీల్లో ఒకే రకం మొక్క పెట్టి ఒకదానికే ఎరువు వేస్తారు చూడండి, అలాంటిదే ఇది. కుండీలు మాత్రం ఊళ్ళు!

రోడ్డు వస్తే పంటలు బాగా పండి ఊరు ధనికమవుతుందని అందరం అనుకుంటాం. వాళ్ళకి కనపడింది అది కాదు. పంటల్లో, ఆస్తుల్లో పెద్ద మార్పు లేదు. వచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే జనం పొలం పని మాని వేరే కూలిపనుల్లోకి మారారు. రోడ్డు ముఖ్యంగా ఊళ్ళో మనిషికి బయట పని దొరికేలా చేసింది. వాళ్ళే అంజలి అడూకియా అనే పరిశోధకురాలితో కలిసి చేసిన ఇంకో పరిశోధనలో, రోడ్డు వచ్చిన ఊళ్ళల్లో ప్రాథమిక బడి దాటి పై తరగతులు చదివే పిల్లలు పెరిగారని తేలింది.

నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ కనపడలేదు. మనలో చాలామందిమి ఆ పరిశోధనకు ముందే ఆ ఫలితాలం! బస్సు వచ్చింది, చదువుకున్నాం, అదే బస్సెక్కి వచ్చేశాం. ఒకసారి వచ్చేశాక పంతులుగారి కాగితంలో మన పేరు లేదు. మనం ఊరిని ప్రేమిస్తాం, గుడికి చందా పంపుతాం, కానీ గీత దగ్గర లెక్కపెట్టేటప్పుడు మనం సున్నా. ఊళ్ళో మిగిలిన వాళ్ళకి పిల్లలు కూడా తక్కువే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. బడిలో పిల్లలు తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలపాలన్న మాట వస్తుంది. అప్పుడు ఉన్న కొద్దిమంది చిన్నపిల్లలకీ రవాణా కావాలి. బస్సులో టికెట్లు తగ్గితే ట్రిప్పులు తగ్గుతాయి. ట్రిప్పులు తగ్గితే, వెళ్ళగలిగిన వాళ్ళు ఊరు వదిలి బస్సున్న చోటికి వెళ్తారు.

ఇంతకుముందు ఆరు లక్షల నలభై వేల గ్రామాల్లో జనం ఉన్నవి 5 లక్షల 97 వేలే అన్నాను కదా. మిగిలిన నలభై వేల పైచిలుకు గ్రామాలకి పేరుంది, హద్దులున్నాయి, సర్వే నంబర్లున్నాయి, మనుషులు లేరు. వాటిని మన రెవెన్యూ రికార్డుల్లో "బేచిరాక్ గ్రామం" అంటారు. ఉర్దూలో చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టేవాళ్ళు లేని ఊరు. అన్నీ వలసల వల్లనే అలా అయ్యాయని కాదు. కరువులు, జబ్బులు, ప్రాజెక్టుల్లో మునిగిపోవడం – ఒక్కోదానిది ఒక్కో కథ. కొన్ని మొదటినుంచీ వట్టి పొలాలే.

ఇంటి పని

ఈ వారాంతం మీ తాతగారికి గానీ అమ్మమ్మగారికి గానీ ఫోను చేయండి. అమ్మానాన్నలు పక్కన ఉండవచ్చు, కానీ ప్రశ్నలు మీరే, తెలుగులోనే అడగాలి. అది రెవెన్యూ గ్రామమా, దాని శివారు పల్లెనా? ఊళ్ళో ఇప్పుడు ఎన్ని ఇళ్ళకి తాళాలు ఉన్నాయి? మొదటి బస్సు ఎన్నింటికి, ఆఖరి బస్సు ఎన్నింటికి? బస్సు లేకపోతే ఎక్కడిదాకా నడవాలి, ఆటోకి ఎంత ఇవ్వాలి? వానాకాలంలో వాగు పొంగితే ఎన్ని రోజులు దారి ఉండదు? వాళ్ళు కిందటిసారి డాక్టరు దగ్గరకి ఎలా వెళ్ళారు, ఎన్నింటికి బయలుదేరి ఎన్నింటికి ఇల్లు చేరారు? జవాబులు ఒక కాగితం మీద రాసి, కింద ఊరి మ్యాపు గీసి, బస్సు ఆగే చోట ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టి సంక్రాంతి తర్వాత మొదటి తరగతికి తీసుకురాగలరు. బస్సు రాని ఊరైతే, అది ఎక్కడిదాకా వస్తుందో అక్కడ పెట్టండి.